మిడిల్‌టౌనులో దృశ్యము, శ్రవ్యము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇండియానా రాష్ట్రమున మన్సీ అను ఊరు కలదు. నగరమనుటకంటె పెద్ద పట్టణమనుట తగును. 1924లో రాబర్టు లిండు, హెలెను లిండు అను దంపతులు ఆ యూరికి పోయి, సుమారు ఏడాదిన్నర అచ్చట నివసించి, ఊరివారు ఎట్లు సంపాదించుచున్నారు, పిల్లలనెట్లు పెంచుచున్నారు, దేవునకెట్లు మ్రొక్కుచున్నారు, తీరిక వేళ నెట్లు గడుపుచున్నారు అను విషయములను విచారించి, 1929లో ఒక గ్రంథమును ప్రకటించిరి. ఊరి పేరు బయటపెట్టుట ఇష్టము లేక దానికి మిడిల్‌టౌను అని మారుపేరు పెట్టిరి. 1935లో తిరిగి వెళ్లి చూచి, 1937లో రెండవ గ్రంథమును వెలువరించిరి. ఒక జాతి యొక్క సాధారణ జీవితమును, పండుగనాటి జీవితమును కాదు, పనినాటి జీవితమును, ఇంత శ్రద్ధతో పరిశీలించిన గ్రంథములు ఏ భాషలోనైనను అరుదు. అయినను ఆ దంపతులు సినిమాను, రేడియోను తూచిన త్రాసు సరియైనది కాదని నా అభిప్రాయము.

వారు చూచిన నాటికి సినిమా ఆ యూరికి పాతకాపు. రేడియో కొత్తగా కాపురమునకు వచ్చిన కోడలు. ముప్పదియెనిమిది వేల జనమున్న ఆ పట్టణమున తొమ్మిది సినిమా శాలలు, వేసవియనక శీతకాలమనక, ఆదివారమైనను విడువక, పగలు ఒంటిగంట మొదలు రాత్రి పదునొకండు గంటలవరకు నడుచుచుండెను. వారమునకు 22 వేర్వేరు కార్యక్రమములు, మొత్తము 300లకు పైగా ఆటలు! 1890 ప్రాంతమున అదే యూరిలోని నాటకశాల ఏ పరవూరి జట్టో వచ్చిన దినములలో మాత్రమే తలుపు తెరచుచుండెడిది. రేడియో సంగతి వేరు. సంపన్నుల ఇండ్లలో నూటికి 12, శ్రామికుల ఇండ్లలో నూటికి 6 మాత్రమే దానికి నోచుకొనెను. ధనము లేని కుర్రవాండ్రు కొందరు తామే తీగలు చుట్టి, స్ఫటికపు ముక్కను అమర్చి, యంత్రమును కట్టుకొని, చెవికి గొట్టములు తగిలించుకొని దూరపు ఊళ్ల సంగీతము వినుచుండిరట. నాకు ఆ గ్రంథమున మిక్కిలి నచ్చిన చోటు ఇదియే. చేతి నేర్పు ధనముతో పోటీపడి గెలిచిన ఘట్టములు వినోదచరిత్రలో తరచుగా కానరావు.

ఇక వారి త్రాసు ఎట్టిదో చెప్పెదను. ఏ వినోదము కుటుంబమును కలిపియుంచుచున్నది, ఏది విడదీయుచున్నది అనునదే వారి ముఖ్యమైన ప్రశ్న. ఉన్నత పాఠశాలలోని పై మూడు తరగతుల పిల్లల నడిగిరి. తలిదండ్రులు లేకుండ పోవుటకంటె వారితో కలిసియే ఎక్కువగా సినిమాకు పోవువారు బాలురలో నూటికి 21, బాలికలలో నూటికి 33 మాత్రమే అని తేలెను. కనుక సినిమా పిల్లలను ఇంటినుండి లాగికొనిపోవు శక్తులలో ఒకటిగా లెక్కకు వచ్చెను. రేడియో ఇంటిలో నుండునది గనుక దానిపై అంత అనుమానము కలుగలేదు. ఈ తీర్పు మనకు కొత్తది కాదు. ఇంటిలోనిది మంచిది, వీధిలోనిది చెడ్డది, ముఖ్యముగా స్త్రీల విషయమున, అని తలచు సంస్కర్తలు మన దేశమునను ఎందరో కలరు. గడపలోపలికి ఏది వచ్చినను అది గృహధర్మమునకు లోబడునని వారి నమ్మకము. ఆ నమ్మకమునకు ఆధారమేమి?

నేను సంస్కృతము చదివిన వాడను గనుక ఈ విషయమును నా కలవాటైన త్రోవలోనే పరిశీలించెదను. మన ఆలంకారికులు కావ్యమును దృశ్యమని, శ్రవ్యమని రెండుగా విభజించిరి. 1924 నాటి మిడిల్‌టౌనును చూచిన భరతముని నివ్వెరపోయియుండును. సినిమా అప్పటికి మూగది. మాటలాడు చిత్రములు 1927 తరువాతనే ప్రబలెను. అనగా శ్రవ్యము లేని దృశ్యము ఒకచోట, దృశ్యము ఏమాత్రము లేని శ్రవ్యము మరియొకచోట! రెండు ముక్కలును ఒక్క ఊరిలోనే, ఒక్క తరములోనే అమ్ముడుపోయెను. శ్రవ్యము మనకున్నను అది పురాణము చెప్పువాని ముఖమును చూచుచు వినెడి శ్రవ్యము. ముఖము లేని కంఠము ఇంటి మూలనున్న పెట్టెనుండి పలుకుట లోకమునకే కొత్త. 1937 మొదలు అమెరికాలో మిక్కిలి జనప్రియుడైన రేడియో వినోదకారుడు ఎడ్గార్ బెర్గెన్; అతని విద్య పెదవి కదపక బొమ్మచేత మాటలాడించుట. పెదవి కదిలినదో లేదో కనబడని రేడియోలో ఆ విద్యకు లక్షలకొలది శ్రోతలు ముగ్ధులైరనిన నవ్వు వచ్చును గాని, శ్రోత యొక్క ఊహాశక్తికి అంతకంటె సాక్ష్యమేమి కావలెను?

రసానుభవమునకు కలుగు విఘ్నములను వెయ్యేండ్ల క్రిందట కాశ్మీరమున అభినవగుప్తుడు ఏడింటిగా లెక్కించెను. అందులో రెండు ఇచ్చట మనకు కావలెను. చూచువాడు తన సొంత సుఖదుఃఖములలో మునిగి, కథలోని సుఖదుఃఖములకు మనసీయలేకపోవుట ఒకటి. నాటకములోని సంగతిని ఇప్పుడు, ఇచ్చట, నాకో పొరుగువానికో జరుగుచున్నదని పొరబడుట రెండవది. ఈ విఘ్నములకు ఆయన చెప్పిన ప్రతిక్రియలు చూడుడు. మొదటిదానికి గానము, వాద్యము, చిత్రవిచిత్రముగా అలంకరించిన మండపము. రెండవదానికి పూర్వరంగము, ప్రస్తావన: అనగా సూత్రధారుడు ముందుగా వచ్చి, అయ్యలారా, ఇది నాటకము సుమా, అని తెలుపుట.

1920 తరువాత అమెరికా పట్టణములలో వెలసిన పెద్ద సినిమా శాలలను గూర్చి చదివినచో ఆ మండపమే జ్ఞప్తికి వచ్చును. పూతపని చేసిన గోడలు, తివాచీలు, మెత్తని కుర్చీలు, మూగచిత్రమునకు తోడుగా మ్రోగు పెద్ద ఆర్గను. కర్మాగారమున గాజుసీసాలు మోసిన వాడును, దుకాణమున రోజంతయు నిలుచున్న పిల్లయు ఆ తలుపు దాటిన వెంటనే కొంతసేపు తమ బ్రతుకును బయట వదలిపెట్టిరి. ఆ శాలను చూచి ఇదంతయు ఆడంబరమని పరిహసించిన విద్వాంసులు అక్కడను ఉండిరి, ఇక్కడను కలరు. పరిహసించువారి ఇండ్లలో పుస్తకములు, దీపము, నిశ్శబ్దము కలవు. వారికి మండపముతో పని లేదు. 1930 తరువాత కరవు దినములు వచ్చి ప్రేక్షకులు తగ్గినపుడు శాలల యజమానులు ఆటకొక పింగాణీ పళ్లెము ఉచితముగా ఇచ్చి గృహిణులను రప్పించిరి. జత పూర్తి కావలెనన్న ప్రతివారము పోవలసినదే. ఎత్తుగడ మోటైనదే గాని ఆమె చేతికి పళ్లెమైనను దక్కెను.

అదియునుగాక సినిమాకు పోవుట ఒంటరిపని కాదు. 1945లో ఇల్లినాయి రాష్ట్రపు డెకటూరు పట్టణమున 800 మంది స్త్రీలను ప్రశ్నించి చేసిన పరిశోధన 1955లో గ్రంథరూపమున వచ్చినది. ఏ చిత్రము చూడదగినదను విషయమున ఊరిలో అందరును ఎవరి మాట విందురని విచారింపగా, ధనవంతురాండ్ర మాట కాదు, పెద్దల మాట కాదు, పెండ్లి కాని యువతుల మాట అని తేలెను. ఒంటరిగా సినిమాకు పోవువారు మిక్కిలి తక్కువ అనియు తేలెను. లిండు దంపతులు తలిదండ్రులతో పోలేదని చింతించిన ఆ బాలికలు ఒంటరిగా పోలేదు, తోటివారితో పోయిరి. చూచివచ్చి, బాగున్నదని, బాగులేదని తీర్పు చెప్పిరి. ఇరువదియేండ్లు దాటని పిల్ల చెప్పిన తీర్పును ఊరు విన్న విషయములు అప్పటి సంఘమున మరి ఎన్ని కలవు? నా దృష్టిలో ఇది కుటుంబము విరుగుట కాదు, సహృదయులు తయారగుట.

రేడియో విషయమునకు వత్తము. 1930 జనాభా లెక్కలనాటికి అమెరికాలో పది కుటుంబములకు నాలుగింట, 1940 నాటికి పదింట ఎనిమిదింటికి పైగా రేడియో కలదు. లైసెన్సు లేదు, రుసుము లేదు. అందరును ఉచితమని సంతోషించిరి. మన ఆకాశవాణిలో 1967 వరకు వాణిజ్య ప్రకటనలు లేవు. శ్రోత లైసెన్సు డబ్బు కట్టి వినెను. అచ్చట సబ్బులవారు, పండ్లముద్దలవారు, కాఫీపొడివారు ఖర్చు భరించిరి. ఖర్చు భరించుట అనిన దాతృత్వమని పొరబడరాదు. కార్యక్రమములలో పెక్కింటిని ఆ వర్తకుల ప్రకటనశాఖలే తయారుచేయించెను. కథ ఎట్లు సాగవలెనో, ఎవరు పలుకవలెనో వారే నిర్ణయించిరి. సినిమాశాలలో ప్రేక్షకుడు టిక్కెట్టు కొనును, నచ్చకున్న లేచిపోవును, మరునాడు రాడు. అతడు కొనుగోలుదారు. రేడియో ముందరి గృహిణి దేనిని కొనినది? ఆమె చెవి అమ్ముడుపోయిన సరకు, కొన్నవాడు సబ్బులవాడు. గడపలోపలి వినోదము పవిత్రమని తలచినవారు చూడని సంగతి ఇదియే.

1933లో మొదలైన మా పెర్కిన్సు అను ధారావాహికను తీసికొందము. కల్పితమైన ఒక చిన్న ఊరిలో కలప అడితి నడుపుకొను వృద్ధ వితంతువు కథ. ఆమె ఇరుగుపొరుగుల కష్టములు విని బుద్ధి చెప్పుచుండును. వారమున అయిదు దినములు, దినమునకు పావుగంట, ఆక్సిడాల్ అను బట్టల సబ్బుపొడి పేరిట. ఆ ముసలమ్మ పాత్రకు కంఠమిచ్చిన వర్జీనియా పెయిన్ వయస్సు మొదటిదినమున 23 ఏండ్లు! ఈ కథలను విమర్శకులు ఈసడించిరి. సబ్బు నాటకములని పేరు పెట్టిరి. నేనును వీనిని గొప్ప కావ్యములనను. కాని ఈసడించుటకు ముందు ఎవరు వినిరో చూడవలెను. పనివాండ్రు దొరకుట తగ్గినది, ఇరుగుపొరుగు రాకపోకలు పలుచబడినవి అని లిండు దంపతులే వ్రాసిరి. భర్త పనికి, పిల్లలు బడికి పోయిన తరువాత ఇస్త్రీబల్ల దగ్గర నిలుచున్న స్త్రీకి పగలంతయు వినబడిన మనుష్యకంఠము ఆ పెట్టెలోనిదే. హెర్టా హెర్జోగ్ అను పరిశోధకురాలు న్యూయార్కు ప్రాంతమున సుమారు నూరుగురు గృహిణులను పలుకరించి 1941లో ప్రకటించిన వ్యాసమున ఒక సంగతి స్పష్టమయ్యెను: వారు కథ కొరకు వినలేదు, తమ కొరకు వినిరి. తమ దుఃఖమునకు ఏడ్వ వీలులేక కథలోని దుఃఖమునకు ఏడ్చిరి. తమ భర్తతో ఎట్లు మెలగవలెనో కథలోని స్త్రీని చూచి నేర్చుకొనిరి.

అభినవగుప్తుడు విఘ్నమన్న దానిని ఈ శ్రవ్యము మూలధనముగా పెట్టుకొనెను. మండపములో అడుగిడినవాడు సొంత దుఃఖమును మరచును. ఇస్త్రీబల్ల దగ్గర వినునామె దానిని ప్రతిదినము తవ్వుకొనును. కథకు ముగింపు ఉన్నచో ఆమె కన్నీరు ఒకనాటికి ఆగియుండును. ముగింపు లేదు, ఏలయన సబ్బు అమ్ముట ఎప్పుడును ముగియదు. కరుణరసము నిర్వహణసంధి లేకుండ ఇరువదియేడేండ్లు సాగినచో అది రసమగునా, వ్యసనమగునా? దోషము వినిన స్త్రీది కాదు. ఆమెకు మరియొక తోడు లేనందున ఆ కంఠమును పట్టుకొనెను. ఆమె ఒంటరితనమును గుర్తించి దానిపై దుకాణము తెరచినవానిని గూర్చియే నా ఫిర్యాదు.

రెండవ విఘ్నమునకు ఉదాహరణము జగత్ప్రసిద్ధము. 1938 అక్టోబరు 30వ తేది రాత్రి ఆర్సన్ వెల్సు జట్టు, అంగారక గ్రహవాసులు భూమిపై దిగిరన్న కథను వార్తల రూపమున ప్రసారము చేసెను. మొదట ప్రస్తావన చదివిరి. కాని అనేకులు ఆ వేళ వేరొక కేంద్రమున ఎడ్గార్ బెర్గెన్ బొమ్మ మాటలను వినుచుండి, నడుమ మీట త్రిప్పి ఇటు వచ్చిరి. సూత్రధారుని చూడనివానికి నాటకము నాటకమని ఎట్లు తెలియును? వాషింగ్టన్ రాష్ట్రములో కాంక్రీట్ అను చిన్న ఊరిలో అదే సమయమున విద్యుత్తు కూడ పోయినది; ఆ చీకటిలో ఎవడు మాత్రము ధైర్యముగా నుండును? దేశమంతయు వీధులలో పరుగిడినదని మరునాటి పత్రికలు వ్రాసినది అతిశయోక్తి యని తరువాతి పరిశోధకులు తేల్చిరి. అయినను భయపడినవారు నిజముగా కలరు. 1940లో హాడ్లీ కాంట్రిల్ వారి మాటలను గ్రంథస్థము చేసెను. ఇందొక వింత కలదు. ఆ దినమున ఆ నాటకమునకు వర్తకపోషణ లేదు. నడుమనడుమ సబ్బో సూపో వచ్చియుండినచో ఇది వట్టి వినోదమని అందరికిని తెలిసియుండును. అంత అల్లరి జరిగిన పిదప ఒక సూపు కంపెనీ ముందుకు వచ్చి ఆ జట్టును పోషించెను.

రేడియో మేలు చేయలేదనను. 1931 క్రిస్మసునాడు మొదలైన మెట్రోపాలిటన్ ఒపేరా ప్రసారములు న్యూయార్కు ముఖము చూడని పల్లెలకు ఉత్తమ సంగీతమును చేర్చెను. 1933 మార్చి 12న, బ్యాంకులన్నియు మూతపడియుండగా, అధ్యక్షుడు రూజ్వెల్టు ఇంటిపెద్ద మాటలాడినట్లు నెమ్మదిగా బ్యాంకు పని యెట్లు జరుగునో విడమరచి చెప్పెను. బ్యాంకులు తెరచిన తరువాత జనులు దాచుకొన్న సొమ్మును తిరిగి తెచ్చి కట్టిరి. పాఠము చెప్పుట వృత్తిగా గల నాకు ఆ పావుగంట ప్రసంగము మీద అసూయ కలదు.

ఇంతవరకు మండపమును మెచ్చుకొంటిని. దాని ద్వారము ఎవరికి తెరచియుండెను? లిండు దంపతులు తమ పరిశోధనలో నల్లజాతివారిని లెక్కకు తీసికొనలేదు. ఊరిలో నూటికి అయిదారుగురైన ఆ జనము మొదటి గ్రంథమున దాదాపు కానరారు; వారి కథ కొరకే 2004లో మరియొక గ్రంథము వెలువడవలసివచ్చెను. అమెరికా దక్షిణ రాష్ట్రములలో చట్టమువలనను, ఉత్తరమున పెక్కుచోట్ల ఆచారమువలనను నల్లవారు సినిమాశాలలో పై బాల్కనీకే పోవలెను. కొన్నింటికి పక్కసందులో వేరు మెట్లు. టిక్కెట్టు కొన్నవాడు కొనుగోలుదారు అని పైన వ్రాసితిని. వారు డబ్బు చెల్లించియు కొనుగోలుదారులు కాలేకపోయిరి. 1964లో పౌరహక్కుల చట్టము వచ్చువరకు ఆ మెట్లు నిలిచియుండెను. ఇది విని మనము తల పంకించుట సులభము. నాట్యము శూద్రులకును వినదగిన పంచమవేదమని మొదటి అధ్యాయమున చెప్పిన మన నాట్యశాస్త్రమే రెండవ అధ్యాయమున నాట్యమండపమునకు వర్ణముల పేరిట వేర్వేరు స్తంభములు పాతించినది. పంచములకు స్తంభము కూడ లేదు.

రేడియోకు బాల్కనీ లేదు. ఎవని ఇంటిలో వాడు వినవచ్చును. అయితే వినబడినదేమి? 1929లో దేశమంతట ప్రసారమగుట మొదలైన ఆమోస్, ఆండీ అను నల్లవారి హాస్యకథలో ఆ ఇరువురి కంఠములును తెల్లవారివి. నల్లవారి ఉచ్చారణను, అమాయకత్వమును వెక్కిరించుటయే అందు ప్రధానమైన హాస్యము. పండ్లముద్ద కంపెనీ పోషించిన ఆ పావుగంట కొరకు సినిమాశాలలవారు చిత్రమును నడుమ ఆపి, లౌడుస్పీకరు పెట్టి వినిపించిరి. లేకున్న ప్రేక్షకులు ఇంటినుండి కదలకుండిరి. దృశ్యము శ్రవ్యమునకు తలవంచిన ఆ ఘట్టమును ఊహించుకొనుడు. క్రింద తెల్లవారు నవ్వుచున్నారు. పై బాల్కనీలో డబ్బిచ్చి కూర్చున్నవారు తమ్ము వెక్కిరించు కంఠమును వినుచున్నారు. 1931లో పిట్స్‌బర్గు కొరియర్ అను నల్లవారి పత్రిక ఆ కార్యక్రమమును ఆపింపవలెనని పది లక్షల సంతకములకై పిలుపునిచ్చెను. కార్యక్రమము ఆగలేదు. కుటుంబమును కలిపియుంచు వినోదమను త్రాసులో ఈ ముప్పావుపాలు తూకమునకే రాదు. ఇంటిల్లిపాదియు కలిసి నవ్వినది గదా, ఇంకేమి కావలెను అని ఆ త్రాసు పలుకును. ఎవరిని చూచి నవ్విరి అని అది అడుగదు.

1946లో వారమునకు ఎనిమిది తొమ్మిది కోట్ల టిక్కెట్లు అమ్ముడుపోయెనని అంచనా. అప్పటి జనాభా పదునాలుగు కోట్లు. ఆ మీద టెలివిజన్ వచ్చి దృశ్యమును శ్రవ్యమును కలిపి ఇంటిలోనికే తెచ్చెను. సబ్బులవాడు పెట్టె మార్చుకొనెను. పెద్ద శాలలు ఒకటొకటిగా మూతపడెను. 1962 సెప్టెంబరుతో దేశవ్యాప్తమైన రేడియో నాటకములు ముగిసెను. మా పెర్కిన్సు అంతకు ముందే, 1960 నవంబరు 25న, ఏడు వేలకు పైగా భాగములు నడచి ఆగిపోయెను. ఆ చివరి దినమున కథ ముగిసిన తరువాత పాత్రధారుల పేర్లన్నియు చెప్పి, మా పెర్కిన్సు వేషము ఎల్లప్పుడును నాదే అని వర్జీనియా పెయిన్ తన పేరు చెప్పుకొనెను. ఉత్తరము వ్రాసినచో బదులు వ్రాయ యత్నింతునని తన ఊరు పేరు తెలిపి, దేవుడు మిమ్ము దీవించుగాక యని సెలవు తీసికొనెను. ఇరువదియేడేండ్ల నాటకమునకు ప్రస్తావనయు భరతవాక్యమును ఆ ఒక్క నిమిషముననే వచ్చెను.